రెండు నూరోవంతులు

ఈసల్మి, 9 మే 1994

తౌనోకి, హిల్కా రాస్తున్నది.

బల్లమీద పెట్టుకునే ఆ చిన్న లేత్ మిషను చేరిందని పార్సిల్ ఆఫీసువాళ్ళు చెప్పారు. నువ్వు చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా క్రిస్మస్ కార్డు మీద సంతకం తప్ప ఇంకో అక్షరం రాయని మనిషివి, ఇప్పుడు మాత్రం ఎందుకు చెబుతావులే. పోయేముందు మా ఆయన ఎయ్నో "లేత్ తౌనోకి" అని రాసిపెట్టాడు కాబట్టి పంపాను. దానితో పాటు ఒక పని కూడా పంపుతున్నాను.

ఆగస్టులో మా గురి సంఘంవాళ్ళు ఎయ్నో పేరు మీద పోటీ పెడుతున్నారు. ఆయన తుపాకితో నేను కాలుస్తాను. నవ్వకు. ఆయన వాడిన తూటా గుల్లలన్నీ మెడ దగ్గర చిట్లిపోయాయి. కొత్తవి ఇరవై పంపుతున్నాను. కొట్లో దొరికే గుల్లల మెడ ఆ తుపాకికి లావని, లేత్ మీద పల్చగా తీయాలని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన నోట్‌బుక్ చివరి పేజీలో "మెడ మందం 24" అని ఉంది. సరిగ్గా అంతే తియ్యి.

ఇట్లు,
హిల్కా

తా.క. ఎయ్నో అంత్యక్రియలనాడు కాఫీ బల్ల దగ్గర నాలుగు యాలకుల బన్నులు తిని, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయావు. బన్నులు బాగున్నాయా?

*

లహ్తి, 20 మే

వదినకు తౌనో నమస్కారాలు.

ఇరవై గుల్లలూ తీసి పంపుతున్నాను. 24 అంటే, మిల్లీమీటరును వంద ముక్కలు చేస్తే అందులో ఇరవైనాలుగు. లేత్ ఇంకా పాతపాటే పాడుతోంది. నేనూ ఎయ్నో కలిసి కొన్నది కదా, మా ఇద్దరికంటే అదే గట్టిగా ఉంది. గుల్లను బిగించి, కత్తి ఆనించి మెల్లగా జరిపితే, ఉల్లిపొరలాంటి ఇత్తడి పొట్టు ఒడిలో పడింది. చాలాసేపు దులుపుకోలేదు.

ఒక్కోదాన్ని మూడేసిచోట్ల కొలిచాను. అన్నీ 24.

ఇట్లు,
తౌనో

తా.క. మూడే తిన్నాను.

*

ఈసల్మి, 2 జూన్

తౌనోకి,

నీ గుల్లల్లో గుండ్లు కూర్చి తుపాకిలో పెట్టాను. తూటా వెనక మూసే బోల్టు మూసుకోదు. ఎయ్నో రెండు వేళ్ళతో మూసేవాడు. నేను రెండు చేతులతో తోశాను, మోకాలు కూడా ఆనించాను. ఊహూఁ.

గుల్ల మెడను ఎయ్నో మైక్రోమీటర్‌తో కొలిచాను. 26 ఉంది. ఇరవైకి ఇరవై, అన్నీ 26. తిప్పి పంపుతాను, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తియ్యి.

ఇట్లు,
బోల్టుతో కుస్తీ పడుతున్న హిల్కా

తా.క. నీ లెక్క ఎప్పుడూ రెండు తక్కువే. బన్నులు కూడా ఐదు తిన్నావేమో.

*

లహ్తి, 10 జూన్

వదినా,

ముందు మోకాలు తీయండి! అది తుపాకి, ఊరెళ్ళేముందు మూసే సూట్‌కేసు కాదు. పేలిందంటే ఎయ్నో పక్కనే మీకూ చోటు చూడాలి.

నా కొలత తప్పు కాదు. మీకు మైక్రోమీటర్ పట్టుకోవడం రాదు. తడి గుడ్డ పిండినట్టు పిండకూడదు. ఇది నలభై ఏళ్ళు లేత్ మీద చెయ్యి అరగదీసుకున్నవాడి మాట. అసలు ఎయ్నో ఉంటే ఆ తుపాకిని మీ చేతికి ఇచ్చేవాడా?

ఇట్లు,
తౌనో

తా.క. చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కానీ కాగితం ఇదొక్కటే ఉంది.

*

ఈసల్మి, 17 జూన్

తౌనో,

ఇచ్చాడు. చివరి రెండేళ్ళు ఆయనకు చూపు ఆనలేదు. నేను కాలుస్తుంటే పక్కన బోర్లా పడుకుని, గాలి చెంపకు ఎటు తగులుతుందో చెప్పేవాడు. మంచి గురి పడితే నా మడమ మీద తట్టేవాడు. ఇవన్నీ నీకు తెలియవు. తెలియాలంటే రావాలి కదా.

నేను ఆయన తుపాకి ముట్టడం నీకు గిట్టదు. అందుకే కావాలని లావుగా తీశావు. గుల్లలు తిప్పి పంపను. ఆయన పేరు మీద పోటీలో నేను ఊరికే కూర్చుని చూస్తాను. నీకు సంతోషమేగా.

హిల్కా

తా.క. మైక్రోమీటర్ పెట్టె మూత మీద "ముందు సున్నా చూసుకోండి" అని అచ్చేసి ఉంది. మధ్యలో ఏమీ పెట్టకుండా మైక్రోమీటర్ మూసి చూశాను. 2 చూపించింది. ఏమీ లేనిదానికి కూడా మందం ఉంటుందా తౌనో? ఈ ఇంట్లో ఉంటుంది కాబోలు.

*

లహ్తి, 22 జూన్

వదినా,

మీరు కొలిచింది సరే. నేను కొలిచిందీ సరే. తప్పు ఆ మైక్రోమీటర్‌ది, అంటే నాది.

1976 ఫిబ్రవరిలో ఒక శనివారం, ఎప్పటిలాగే మీ ఇంట్లో లేత్ దగ్గర ఇద్దరం పనిచేస్తుండగా, ఎయ్నో సౌనాకు, అదే ఆవిరి స్నానాల గదికి, కట్టెలు తేవడానికి వెళ్ళాడు. నా చేతిలోంచి అది జారి సిమెంటు నేల మీద పడింది. మూసి చూస్తే 2 చూపించింది. సరిచేసే చిన్న రెంచి పెట్టెలోనే, మెత్తటి గుడ్డ కింద ఉంటుంది. రెండు నిమిషాల పని. ఇంతలో అడుగుల చప్పుడు వినిపించింది. తుడిచి పెట్టెలో పెట్టేశాను. తర్వాత చెబుదామనుకున్నాను. ఏ శనివారానికి ఆ శనివారం నోరు పెగల్లేదు.

ఆ వేసవిలో జాతీయ పోటీల ఎంపికలో ఎయ్నో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు. కనురెప్ప మీద దోమ వాలిందన్నాడు. ఆ దోమను నేనే వదినా. తన కొలతలు నావల్ల తప్పాయి. తన ముఖం చూడలేక, లహ్తిలో ఉద్యోగం వచ్చిందని వంక పెట్టి వచ్చేశాను. అంత్యక్రియలనాడు మీ ముఖమూ చూడలేకపోయాను.

ఎయ్నో 24 అంటే అసలు కొలత 22. గుల్లలు పంపండి, తీసిస్తాను. మైక్రోమీటర్‌ను ఆ రెంచితో సరిచేయించండి.

క్షమించమని అడిగే ముఖం లేని
తౌనో

తా.క. నాలుగు తిన్నాను. నాలుగోది మీరు చూడలేదనుకున్నాను.

*

ఈసల్మి, 28 జూన్

తౌనో,

గుడ్డ ఎత్తి చూశాను. రెంచి ఒక కాగితంలో చుట్టి ఉంది. మీద ఎయ్నో పెన్సిల్ రాత, 1976 ఫిబ్రవరి 21. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"రెండు ఎక్కువ చూపిస్తోంది. తౌనో పడేశాడు. కట్టెల గదిలోకి వినిపించింది. సరిచేయకూడదు. చేస్తే నాకు తెలిసిపోయిందని వాడు గ్రహిస్తాడు. సిగ్గుతో శనివారాలు రావడం మానేస్తాడు."

ఆయన ఆ రెండూ మనసులో తీసేసుకుంటూ బతికినంతకాలం అలాగే కొలిచాడు. నోట్‌బుక్‌లో ప్రతి అంకె రెండు ఎక్కువే. ఏ తూటా చెడలేదు. ఇక ఆ దోమంటావా, అది దోమే. చంపి, అగ్గిపెట్టెలో ఇంటికి తెచ్చి నాకు చూపించాడు.

నువ్వు రావడం మానేస్తావని ఆయన నోరు విప్పలేదు. నోరు విప్పలేక నువ్వు రావడం మానేశావు. పద్దెనిమిదేళ్ళు ప్రతి శనివారం సౌనాలో మూడో మనిషికి కూడా నీళ్ళు పెట్టాడు. ఎందుకని అడిగితే రాళ్ళు బాగా కాలాయనేవాడు. ఆ కాగితం చదివి చాలాసేపు ఏడ్చాను. మీ ఇద్దరినీ నిలబెట్టి కడిగేయాలనిపించింది. ఒకరు దొరకరు.

గుల్లలు పోస్టులో పంపను. లేత్ తీసుకుని నువ్వే రా. శనివారం.

ఎదురుచూస్తూ,
హిల్కా

తా.క. రెంచిని ఆ కాగితంలోనే చుట్టి మళ్ళీ గుడ్డ కింద పెట్టేశాను. రెండు ఎక్కువే చూపించనీ. బన్నులు చేస్తాను, లెక్కపెట్టను. కానీ ఈసారి నీ చేతిలోంచి ఏది జారినా నోరు తెరిచి చెప్పు. కట్టెల గదిలోంచి వినేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.