ఖాళీదని చెప్పిన తుపాకి

నాచారం,
తేది 14-7-1967

హైదరాబాదు జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
నాచారం బాలవాడి పంతులమ్మ, కీర్తిశేషులు బసవరాజు గారి భార్య సూర్యకళ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉప్పల్ రోడ్డులోని జనార్ధనరావు గారి తుపాకుల దుకాణములో సిబ్బంది అజాగ్రత్త వలన నా భర్త మరణించుట, ఆ నేరమంతయు నా తమ్ముడొక్కని మీద వేయుట, సదరు దుకాణము లైసెన్సు గడువు తీరినప్పుడు మరల ఇచ్చుటకు ముందు విచారణ జరిపించుట గురించి.

1. ఇది నా రెండవ అర్జీ. మొదటిది తమ కచేరిలో తీసుకొనలేదు. అక్కడి గుమాస్తా గారు కాగితము చదివి తలెత్తి, "ఏమ్మా, నువ్వు సచ్చినోని దిక్కా, సంపినోని దిక్కా? రెండు దిక్కులు ఒక్క అర్జీల రాస్తె ఎట్ల? ఏదో ఒక్కటి రాసుకోని రాపో" అన్నారు. ఆయన చెప్పినట్లే వ్రాయవలెనని చాలా ప్రయత్నించినాను. చనిపోయినవారు నా భర్త. తుపాకి పేల్చినవాడు నా తోడబుట్టినవాడు. ఒకరిని విడిచి ఒకరిని వ్రాయుట నాకు కుదరలేదు. కనుక మరల ఒకే అర్జీలో విన్నవించుకొనుచున్నాను.

2. నా భర్త నాచారం కార్ఖానాలో ఫిట్టరు. నా తమ్ముడు పాండురంగ లాలాపేటలో మా అమ్మ వద్ద ఉండి, మెట్రిక్ తప్పి, ఇరవైనాలుగేండ్లు వచ్చినా కుదురు లేక తిరుగుచుండెను. వానికి సదరు దుకాణములో ఉద్యోగము ఇప్పించినది నా భర్తే. జనార్ధనరావు గారి ద్రాక్షతోటలో నీళ్ళ ఇంజను బాగుచేసిన పరిచయము పట్టుకొని, "మా బామ్మర్ది మంచోడు సార్. నవ్వుడు జర ఎక్కువ, గంతే" అని చెప్పి పనిలో పెట్టించినారు. తొలి జీతము అందిన రోజున పాండు మా ఇంటికి వచ్చి, మా అత్త శాంతాబాయి కాళ్ళకు మొక్కి, ఆమె చేతిలో ఆకుపచ్చ నేతచీర పెట్టినాడు. "నాకు ఇంకొక కొడుకు దొరికిండు" అని మా అత్త వాడకట్టు అంతా తిరిగి ఆ చీర చూపించుకున్నది.

3. సదరు దుకాణములో తుపాకులను వాడు పద్ధతి: అమ్మకమునకు ఉన్నవి, రైతులు బాగుచేయమని ఇచ్చినవి, అన్నియు ఒకే వరుసలో గోడకు నిలబెట్టుదురు. అక్కడి పెద్ద గుమాస్తా విశ్వనాథము గారికి, దుకాణములోనికి వచ్చినవారి మీదికి తుపాకి ఎత్తి గురిచూచుట, వారు బెదిరితే నవ్వుట అలవాటు. యజమాని గారు గల్లా దగ్గర కూర్చుండి చూచుచునే ఉందురు. ఒకనాడు పాండుకు అన్నం గిన్నె ఇచ్చుటకు నేను పోగా నా మీదికి కూడ ఎత్తినారు. "బెదరకమ్మా, ఖాళీదే" అన్నారు. గిన్నె గడప మీదనే పెట్టి వచ్చివేసినాను. ఆ సాయంత్రము నా భర్త పాండును ఇంటికి పిలిచి అడిగినారు.

"ఏంది పాండు, మీ దుకాణంల మనుషుల మీదికి తుపాకి పెడుతరా?"

"ఖాళీయే గద బావా. గోడకు నిలబెట్టిన్రంటె లోపట తూటా లేనట్టే."

"నువ్వు గొట్టం ఇరిసి లోపట జూసినవా?"

"విశ్వనాథం సారు జూస్తడు. గది ఆయన పని. నన్ను ముట్టనియ్యడు."

నా భర్త "ఖాళీదైనా మనిషి మీదికి ఎత్తకు" అని అంతటితో విడిచిపెట్టినారు. వాడు మొదటిసారి ఒక పనిలో నిలబడినాడు, ఎక్కువ మందలిస్తే మానివేయునేమోనని ఆయన భయము.

4. శివరాత్రికి ముందటి రోజు. మరునాడు అందరము కీసర జాతరకు పోవలెనని అనుకున్నాము. నా భర్తయు నేనును ఉప్పల్‌లో కొబ్బరికాయలు, ఊదుబత్తులు కొని, పాండును వెంటబెట్టుకొని పోదామని దుకాణమునకు పోయినాము. గిరాకి లేదు. విశ్వనాథము గారు చాయ తాగుచుండిరి. ఆ పొద్దున ఘట్‌కేసర్ వైపు రైతు ఒకరు, చేనులో అడవిపందులు పడుచున్నవని, రెండు గొట్టాల తుపాకి మీట చెయ్యి తగిలితేనే పడిపోవుచున్నదని చెప్పి, బాగుచేయుటకు ఇచ్చి పోయినాడు. దానిని తీసుకున్నది విశ్వనాథము గారు. తీసుకొని, విరిచి చూడక, వరుసలో నిలబెట్టినారు.

మేము గడప దాటగానే పాండు చేతికి అందిన తుపాకి ఎత్తి, "బావా, చేతులు లేపు! జాతర సామానంతా ఈడ పెట్టు!" అన్నాడు. బావబామ్మర్దుల సరసము. నా భర్త సంచి కింద పెట్టి నవ్వుకుంటనే రెండు చేతులు పైకెత్తినారు.

అయ్యా, ఆయన చేతులు పైనే ఉన్నవి. అప్పుడే పేలినది.

దీనిని అర్జీ భాషలో ఏమని వ్రాయుదురో నాకు తెలియదు. సంచి ఒరిగి కొబ్బరికాయలు మెట్ల మీదుగా రోడ్డు మీదికి దొర్లినవి. ఎవరో వాటిని ఏరుచుండిరి. పాండు తుపాకి పట్టుకొనియే, "ఖాళీదక్కా, ఖాళీదే అక్కా" అని నాకు చెప్పుచునే ఉండెను. వాని మాట నాకు వినిపించుచునే ఉన్నది. ఇప్పటికిని వినిపించును.

5. రోడ్డు మీద లారీ ఒకటి ఆపి ఆయనను దవాఖానకు తీసుకొనిపోయినాము. తల నా ఒడిలో ఉండెను. దారిలో కండ్లు తెరిచి, "సూర్యా, పాండును కొట్టనియ్యకు. పోరడు బెదిరిపోయిండు" అన్నారు. ఆ తర్వాత నీళ్ళు అడిగినారు. నీళ్ళు దొరికే లోపలనే ప్రాణము పోయినది. ఈ మాట పోలీసు వారి కాగితములో లేదు. ఆఖరుకు ఆయన ఏమన్నారని నన్ను ఎవరును అడుగలేదు.

ఠాణాలో పాండును కొట్టినారు. నా భర్త నాకు ఒక్క పని చెప్పి పోయినారు, అది నేను చేయలేకపోయినాను.

6. ఇప్పుడు జనార్ధనరావు గారు చెప్పునది: పాండురంగ మా దుకాణపు మనిషి కాదు, ఊరికే వచ్చి కూర్చుండే పోరడు, మా అనుమతి లేక తుపాకి ముట్టినాడు. అట్లయిన, రోజూ పొద్దున దుకాణము తలుపు తీసి ఊడ్చిన పోరడు ఎవడు? పక్కన సైకిల్ దుకాణమువారిని, ఎదుటి చాయ హోటలువారిని తమరు పిలిచి అడుగవలెను. విశ్వనాథము గారు ఆ తుపాకిని తాను చూడనే లేదని చెప్పినారు. కాని ఆ తుపాకి ఇచ్చిన రైతు మా ఇంటికి వచ్చి, వాకిట్లో కూలబడి ఏడ్చినాడు. "తూటా ఉన్నదని నేనే చెప్పినమ్మా. మీట జారుతుంది, నాకు తీయనీకి భయమైతున్నది, నువ్వే తియ్యి సారూ అన్న. ఆయన సరె సరె అని పక్కకు పెట్టిండు." ఆ రైతును కూడ ఎవరును అడుగలేదు.

7. కర్మలు ముగియకముందే దుకాణము తెరిచినారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు బాలవాడి పని మీద నేను ఉప్పల్ పోవుచుండగా బస్సులో నుండి చూచినాను. విశ్వనాథము గారు తుపాకి ఎత్తి పట్టుకొని ఉన్నారు. దాని ఎదురుగ ఎవరో ముసలాయన నిలబడి నవ్వుచున్నాడు. నేను తర్వాతి స్టాపులో దిగి, వెనుకకు నడిచి వచ్చి గడప బయట నిలబడినాను.

"విశ్వనాథమన్నా, ఆ తుపాకి ఇరిసి జూసినవా?"

"ఖాళీదేనమ్మా" అని నవ్వుచునే ఇటు తిరిగినారు. నన్ను గుర్తుపట్టి, తుపాకి దించి, లోపలి గదిలోనికి పోయినారు. జనార్ధనరావు గారు గల్లా దగ్గర నుండి లేచి వచ్చి, "అమ్మా, జరిగిందేదో జరిగింది. మా దుకాణం ముందట నిలబడి ఏడ్వకు. గిరాకి పోతది" అన్నారు.

నేను అప్పుడు ఏడ్చుట లేదు. ఈ సంగతి కూడ తమరు నమోదు చేయించవలెను.

8. నా తమ్ముని తప్పు లేదని నేను వ్రాయుట లేదు. తుపాకిని మనిషి మీదికి ఎత్తినాడు. బావ మందలించినా వినలేదు. వానికి చట్టము ఎంత శిక్ష వేయునో అంత వేయనిండు. వానిని క్షమించితివా అని తమరు అడుగవచ్చును. పొద్దున లేవగానే వాని మీద కోపము వచ్చును. పొయ్యి ముట్టించే లోపల, వాడు ఏమైన తిన్నడో లేదో అనిపించును. రెండును నిజమే. నా కోరిక ఒక్కటే, వాని తప్పుకు వాడు శిక్ష అనుభవించవలెను, విశ్వనాథము గారి తప్పుకు, జనార్ధనరావు గారి తప్పుకు కూడ వాడే అనుభవించగూడదు.

కావున తమరు దయతో:

దుకాణము లైసెన్సు మరల ఇచ్చుటకు ముందు యజమానిని, పెద్ద గుమాస్తాను, ఘట్‌కేసర్ రైతును, నన్ను పిలిపించి విచారించవలెను. పాండురంగ అక్కడ జీతమునకు పనిచేసిన సంగతి తేల్చి కోర్టు వారికి తెలియజేయవలెను. ఇకముందు జిల్లాలోని ఏ తుపాకుల దుకాణములోనైనను, తుపాకి చేతికి వచ్చిన క్షణముననే, తెచ్చినవారి ఎదుటనే విరిచి చూచునట్లు, దాని నోరు ఏ మనిషి వైపును తిప్పకుండునట్లు హుకుము ఇయ్యవలెను. ఖాళీదని నోటితో చెప్పినంత మాత్రమున ఒప్పుకొనగూడదు.

ఇంతకన్న మర్యాదగా వ్రాయుట నాకు చేతకాలేదు. తప్పులున్న మన్నించి, నా మొరను చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సూర్యకళ

తా.క. అయ్యా, ఒక మాట ఉండిపోయింది. ఇది అర్జీల రాసేది కాదు, కాని వేరే ఎవరికి రాయాలె?

పాండును జామీను మీద విడిచిపెట్టిన్రు. మొన్న ఆదివారం పగటిపూట మా గల్లీకి వచ్చిండు. గేటు అవతల నిలబడ్డడు. ఎముకల గూడు లెక్క అయిండు. నేను చూసిన. మా అత్త నా వెనుక నుంచి, "వాడు గడప దొక్కితే నేను ఇంట్ల నుంచి పోత. నా కొడుకు ఇల్లు ఇది" అన్నది. ఆమె అన్నదాంట్లె తప్పేమున్నది? నేను లోపటికి రమ్మనలేదు, పొమ్మనలేదు. వాడు "అక్కా" అని కూడ అనకుండ పోయిండు. మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

లాలాపేటకు పోదమంటే మా అమ్మ, "తమ్ముడే పేల్చిండని సర్కారుకు రాసిన చేతులతోని నా ఇంటికి రాకు, ఆ అర్జీ చింపేసి రా" అంటున్నది.

ఆయన పోయినంక నేను, పాండు ఒక్క మాట మాట్లాడుకోలేదు. బావ లారీల ఏమన్నడో వానికి ఇంకా తెల్వదు. నేనే చెప్పాలె, ఇంకొకరు చెప్తే వాడు నమ్మడు.

అందుకని వేడుకుంటున్న. విచారణకు పిలిచేటప్పుడు వానిని గూడ పిలువుండ్రి. నన్ను, వానిని ఒక్కటే రోజు పిలువుండ్రి. మీ కచేరి వరండాల పెద్ద బెంచి ఉన్నది, మొదటిసారి వచ్చినప్పుడు చూసిన. మీరు ఎంత ఆలస్యంగా లోపటికి పిలిచినా మాకు ఫికర్ లేదు.