నాగరత్నమ్మ నీడ, లింగప్ప మాట

పెనుకొండ

హిందూపురంలో సంత సంఘం వెబ్‌సైటు చూసుకునే అనిల్ కుమార్‌కు నాగరత్నమ్మ ఆశీస్సులు. ఇప్పటికి మాత్రమే.

పెనుకొండ సంతలో వేపచెట్టు నీడన నేను కనకాంబరాలు అమ్ముతాను. ఈ ఏడు ఆ చోటు తనకు కావాలని బిందెలమ్మే లింగప్ప పట్టుబట్టాడు. ప్లాస్టిక్ బిందెలు ఎండకు వాడిపోతాయా? చోటు నాకే ఇవ్వమని మీ వెబ్‌సైటులో అర్జీ పెట్టించాను. లింగప్ప మాట కూడా అన్నది అన్నట్టే రాయించాను: "ఈ నీడ లింగప్పది, ముసల్ది యాడన్నా పోనీ." నీడ లింగప్పకు ఇవ్వాలన్న మీ కోరిక నమోదైంది, మీ పెద్దమనసుకు ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

నాకు పెద్దమనసు ఉందని నీకెవరు చెప్పారప్పా?

ఇట్లు, నాగరత్నమ్మ వేలిముద్ర

తా.క. రాత మనవరాలు ధరణిది. కోపం నాది.

*

హిందూపురం

పూజ్యులైన అవ్వకు నమస్కారాలు.

తప్పు నాదే. ఆ వెబ్‌సైటును పీహెచ్‌పీ అనే భాషలో రాశాను. అర్జీలో కొటేషన్ గుర్తు కనిపించిన చోటల్లా అది తెంచి ముక్కలు చేస్తుంది. ముక్కలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. సున్నాను వదిలేసి ఒకటో ముక్క తీసుకోమన్నాను. అంటే గుర్తుల మధ్య ఉన్నదే మీ కోరిక అనుకుంటుంది. గుర్తులు లేకుండా మళ్లీ పంపండి.

విధేయుడు, అనిల్ కుమార్

తా.క. ఇలా ముక్కలు చేయడాన్ని మేము ఎక్స్‌ప్లోడ్ అంటాం, అంటే పేల్చడం. భయపడకండి.

*

పెనుకొండ

అర్జీలు పేల్చే అనిల్ కుమార్‌కు,

గుర్తులు తీసి పంపాను. మీరు కోరింది ఏమీ లేదు అంటోంది నీ వెబ్‌సైటు. తెంచడానికి గుర్తు లేకపోతే మనిషికి నోరే లేదనుకుంటుందా? పూలు మూర కొలిచి నేనూ తెంచుతాను, కానీ యాడ తెంచాలో చూసి తెంచుతాను. వరుసలో ముందు నిలబడినవాళ్లను సున్నా అని సంతలో ఒకసారి అనిచూడు.

శుక్రవారం చోట్లు పంచుతారు. ఎండలో కూర్చుంటే నా పూలు గంటలో వాడిపోతాయి. ఆలోగా బాగుచెయ్యి.

ఇట్లు, నాగరత్నమ్మ

తా.క. ధర్మవరంలో మీ అమ్మ పండక్కి పూలు నా దగ్గరే తెప్పించుకుంటుంది. ఈసారి ఎండలో పెట్టినవి పంపుతాను.

*

హిందూపురం

అవ్వకు నమస్కారాలు.

అమ్మదాకా వద్దు. గురువారానికి కోడ్ మార్చి, అర్జీలన్నీ మళ్లీ సరిగా చదివిస్తాను. మీ రెండోది ఖాళీగా రావడంతో మొదటిది రద్దయింది, అదొక మేలు.

అనిల్ కుమార్

తా.క. పొద్దున లింగప్ప అర్జీ వచ్చింది. వెబ్‌సైటు అందులోంచి తీసుకున్నది ఇంతే: "ఈ నీడ నాగరత్నమ్మది, నీ బిందెలు ఎండలో పెట్టుకో." ఆయన పెద్దమనసుకూ ధన్యవాదాలు వెళ్లాయి.

*

పెనుకొండ

నాయనా అనిల్ కుమార్, నూరేళ్లు చల్లగా ఉండు.

నీ పీహెచ్‌పీ బంగారం. శుక్రవారం దాటేదాకా దాని మీద చెయ్యి వెయ్యొద్దు.

లింగప్పకూ చదువు రాదు. మొన్న అర్జీ రాయించుకోవడానికి ధరణి దగ్గరికే వచ్చాడు. నేనన్న మాటను నా గొంతుతోనే చెప్పాడు. గుర్తులు పెట్టాలా అవ్వా అన్నట్టు ధరణి నా వైపు చూసింది.

"అన్నది అన్నట్టే రాయమ్మా, పాపం దూరం నుంచి వచ్చినాడు" అన్నాను.

ఇట్లు, పెద్దమనసున్న నాగరత్నమ్మ

తా.క. మధ్యాహ్నం దాటితే ఆ నీడ ఎటూ లింగప్ప బిందెల మీదికే జరుగుతుంది. ఆ సంగతి శనివారం నేనే చెబుతాను. నువ్వు పేల్చకు.