కత్తిరించిన ప్లగ్గు

మా ఇంటి డ్రైవరుగారికి,

నీ ఎలక్ట్రీషియన్ రాస్తున్నది. ఇక్కడ నేను, అమ్మ క్షేమం. అక్కడ నువ్వు, మీ వదినగారు క్షేమమని తలుస్తాను. కారు కూడా ప్రస్తుతానికి క్షేమమే. ఆ 'ప్రస్తుతానికి' అన్న మాట కోసమే ఈ ఉత్తరం, కానీ వరసగా రానివ్వు.

వదినగారు ఆపరేషన్ అయిన మోకాలితో చేతికర్ర లేకుండా మెట్లు దిగారని నీ ఉత్తరంలో చదివితే అమ్మ రెండోసారి చదివించుకుంది. నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేశాను. కారడం ఆగింది, తిప్పడం కష్టమైంది. అమ్మ బీపీ మాత్రలు మానలేదు. నాకు చూపించి మరీ వేసుకుంటోంది, నీ ఉత్తరం వినిపించడం నా పొరపాటే. మూడోది, కారు కొంటానన్న బేకరీ ఆయన వచ్చి చూసుకున్నాడా అని అడిగావు. దాని దగ్గరికి వస్తాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడుసార్లు లేచాను. కాలుగాలిన పిల్లిలా బల్లకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. కూర్చుని రాయలేనివాడివి ఫోన్ చెయ్యరాదా అంటుంది అమ్మ. ఫోన్లో అయితే నువ్వు "సరే లెండి" అంటావు, ఇక నా నోరు పెగలదు. అందుకే కాగితం.

బేకరీ ఆయన రెండు వారాల క్రితం వచ్చాడు. కారు నచ్చింది గానీ ఇంజను లైటు వెలుగుతోందనీ, పెట్రోలు వాసన వస్తోందనీ అన్నాడు. అవి సరిచేసి ఇస్తే తీసుకుంటానన్నాడు. మాట ఖర్చుపెట్టడు కాబట్టి నువ్వు 'పొదుపు' అని పేరుపెట్టావే, ఆ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను మిషను తగిలించి చూసి "సెన్సరు" అన్నాడు, అంతే. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరట, పొగగొట్టానికి బిగించి ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఇంజనుకు కబురు పంపుతుంది, ఆ కబురును బట్టి ఇంజను పెట్రోలు పోసుకుంటుంది. కొత్తది బాగా ఖరీదు. అమ్మేసే బండికి ఎందుకులే అని పాత సామాన్ల కొట్టుకు వెళ్లి, వేరే రకం కారు నుంచి విప్పిన సెన్సరు ఒకటి తెచ్చాను.

రేపు రా, బిగిస్తానన్నాడు పొదుపు. నాకు ఆగబుద్ధి కాలేదు. ఇరవై ఏళ్లుగా ఇళ్లకు వైరింగు చేస్తున్నవాణ్ణి, ఐదు తీగల సామాను నాకొక లెక్కా అనుకుని మన సందులోనే కారు కిందికి దూరాను. పాతది తుప్పుతో బిగుసుకుపోయింది. ఇంజను కాస్త వేడెక్కించి, నూనె వేసి, పానాను కాలితో తంతే వదిలింది. తీరా చూస్తే నేను తెచ్చినదాని ప్లగ్గు మన సాకెట్లో పట్టలేదు. పట్టని ప్లగ్గును నేను బతకనివ్వనని నీకు తెలుసు. రెండు ప్లగ్గులూ కత్తిరించి, పాత సెన్సరు ప్లగ్గును దీని తీగలకు రంగుకు రంగు చూసి అతికించాను. కుక్క పని గాడిద చేసినట్టయింది. స్టార్టు చేస్తే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది.

మర్నాడు పొదుపు ఆ అతుకు చూసి చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత, నువ్వు నమ్మవు, అంత మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు.

"ఏ సెన్సరు కొలత ఆ సెన్సరు ప్లగ్గులోనే పెట్టి పంపిస్తారన్నా. లోపల చిన్న రెసిస్టరు ఉంటుంది. ఒకదాని కొలతతో ఇంకోదాన్ని తూస్తే అది తప్పే చెబుతుంది. దాని తప్పు కాదది."

నేను తెచ్చిన సెన్సరు నుంచి కత్తిరించిన ప్లగ్గేమో నా తుక్కు తీగల సంచీలో ఉంది. ఇంటికొచ్చి ముందుగదిలో సంచీ బోర్లించాను. గంటసేపు నేను వెతికితే దొరకలేదు, అమ్మ కళ్లజోడు పెట్టుకుని వచ్చి రెండు నిమిషాల్లో తీసింది. దానికి సరిపడే సాకెట్ ఆ పాత సామాన్ల కొట్టులోనే దొరికింది. పొదుపు ఆ ప్లగ్గును దాని సెన్సరుకే మళ్లీ కలిపి, సాకెట్‌ను కారు వైపు తీగలకు పెట్టాడు. లైటు ఆరిపోయింది. వణుకూ లేదు, వాసనా లేదు. వారం రోజులుగా నువ్వు పిల్లల్ని బడికి తీసుకెళ్లే దారిలోనే, నువ్వు ఆగే ప్రతి ఇంటి ముందూ ఆగుతూ నడిపి చూశాను. ఇదివరకటి పెట్రోల్లో మూడోవంతు తగ్గింది.

ఇంతదాకా రాసింది సులువైన సంగతి. మళ్లీ లేచి నీళ్లు తాగొచ్చాను.

ఆ రోజు పొదుపు పాత సెన్సరు కొనను వెలుగులో పెట్టి చూపించాడు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఈ ఇంజనుకు సిలికాన్ ఎవరు పూశారని అడిగాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పోయిన ఏడాది ఇంజను మూత దగ్గర నూనె చెమరుస్తోందని నువ్వు చెప్పావు. గోడ మీది కరెంటు పెట్టెల్లోకి వాన నీళ్లు దిగకుండా పూసే ట్యూబు నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది కదా. అదే దట్టంగా పూసేశాను, నీకు చెప్పలేదు. దాని ఆవిరి ఇంజనులోకి పోయి, కాలి, ఆ సెన్సరు మీద పేరుకుందట. అప్పటినుంచే అది తప్పుడు కబుర్లు చెప్పడం, కారు పెట్రోలు తాగడం.

అప్పటినుంచే నేను నిన్ను అనడం కూడా. బడి గేటు దగ్గర ఇద్దరు తల్లుల ముందు, "ఈవిడ కాలు బరువండీ, యాక్సిలరేటరు తెగ తొక్కేస్తుంది, అందుకే బండి ఇంత తాగుతోంది" అన్నాను. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. వారం తిరిగేసరికి ఆ ఇద్దరి పిల్లలూ నీ కారు మానేశారు. నెలాఖరుకు నువ్వు తాళంచెవి మేకుకు తగిలించి, "అమ్మేద్దాం లెండి. నాకు నడపడం రాదేమో" అన్నావు. పదకొండేళ్లు బండి మీద ఒక్క గీత పడనివ్వనిదానివి. నేను సరే అన్నాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ కాలు బరువు కాదు. తప్పు నాది, నా ట్యూబుది. ఇది తెలిసి వారమైంది, రోజూ చెబుదామని ఫోన్ చేసి వాన గురించి మాట్లాడి పెట్టేశాను. నిన్న మాత్రం బడి గేటు దగ్గరికి వెళ్లి ఆ తల్లులిద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకావిడ తల ఊపి, పిల్లాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. రెండో ఆవిడ నీ నంబరు అదేనా, మారిందా అని అడిగింది.

ఇక మూడో ప్రశ్న. బేకరీ ఆయన రేపు ఉదయం కారు తీసుకెళ్తానన్నాడు. రావద్దని చెప్పబోయి ఆగాను. కారు నీది. ఒకసారి నీకు బదులు నేను తీర్పు చెబితే ఏమైందో చూశాం కదా. నీకు అమ్మాలని ఉంటే అమ్ము, కానీ నడపడం రాదనుకుని అమ్మవద్దు. తాళంచెవులు రెండూ ఈ కవరులోనే పెడుతున్నాను. రేపు ఆయనకు అదే చెబుతాను, తాళాలు కారుగలావిడ దగ్గర ఉన్నాయని.

ఒక్కటే చిక్కు. ఇప్పుడే కిటికీలోంచి చూశాను, కారు పెట్టడంలో నా స్కూటరు గోడకూ దానికీ మధ్య ఇరుక్కుపోయింది. ఒక తాళంచెవి ఉంచుకోరా అంటోంది అమ్మ. ఉంచుకోను. నువ్వు వచ్చి తీసేదాకా పనులకు నడిచే వెళ్తాను. నా కాళ్లు ఎంత బరువో నాకూ తెలియాలి.

ఇట్లు,
నిచ్చెన భుజాన వేసుకున్న
నీ మొగుడు