రెండువందల పదమూడో గాయం

సర్జనుగా, పరిశోధకురాలిగా నలభయ్యేళ్లు పనిచేసి, ఇప్పుడు డెబ్బై ఎనిమిదో ఏట ఉన్న నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. తెలివి సరిగ్గానే ఉందని డాక్టరైన నా మేనకోడలు నిన్ననే సర్టిఫికెట్టు ఇచ్చింది. కుదురే లేదు. రాయడానికి కూర్చోవడం ఇది నాలుగోసారి. అంశానికీ అంశానికీ మధ్య వరండాలో రెండు చుట్లు తిరిగొస్తున్నాను.

1. ఈ ఇల్లు, పుస్తకాలు, మైక్రోస్కోపు నా తదనంతరం నా మేనకోడలికి సర్వహక్కులతో చెందుతాయి. అమ్మడూ, వంటింటి తలుపు బిగుసుకుంటుంది, భుజంతో తొయ్యాలి.

2. యుద్ధంలో తగిలిన గాయాన్ని వెంటనే కుట్టకూడదు, శుభ్రం చేసి తెరిచి ఉంచాలి, ఐదో రోజున కుట్టాలి అని నేనన్నప్పుడు మా పెద్ద డాక్టరు నన్ను కసాయి అన్నారు. పద్ధతి ఫలించాక అది తనదేనని ఊరూరా చెప్పుకున్నారు. ఆయన నాకిచ్చిన ఇత్తడి జ్ఞాపికని ఆయన వారసులకి తిరిగి పంపాలి. ఇన్నేళ్లూ తలుపుకి అడ్డం పెట్టుకున్నాను. బరువు బాగానే ఉంది.

3. గుడారపు ఆసుపత్రిలో నా పక్కన నిలబడ్డ నర్సమ్మకి నా ఉన్నికోటు. చలికి వణుకుతూ కూడా ఆవిడ ఒక్క సూదీ జారవిడవలేదు. కుడిజేబుకి చిల్లుంది, కుట్టించి ఇవ్వండి.

4. నా పరిశోధన పత్రంలో రెండువందల పన్నెండు గాయాలున్నాయి. అబద్ధం. రెండువందల పదమూడోది నా తమ్ముడి తొడ గాయం. రెండ్రోజుల్లో ఇంటికెళ్తాను, పసిది చూస్తే జడుసుకుంటుంది, కుట్టెయ్యమని బతిమాలాడు. అందరికీ వద్దని చెప్పిన పని చేతులారా నేనే చేశాను. లోపల చీము పట్టి, ఒళ్లంతా విషమెక్కి, ఆరో రోజున పోయాడు. రికార్డులో మాత్రం అంబులెన్సు డ్రైవరు ఆరుగంటలు ఆలస్యంగా తెచ్చాడని రాశాను. ఆయన ఉద్యోగం ఊడింది. అమ్మడూ, ఆ పసిదానివి నువ్వే. పక్కవీధిలో ఆయన ఎదురైతే మొహం తిప్పుకోవడం నీకు నేర్పింది నేనే. నాకు సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. అసలు రిజిస్టరు నా బల్ల సొరుగులో ఉంది. పత్రాన్ని సవరించి మళ్లీ అచ్చు వేయించే బాధ్యత నీది. కుదరదని ఎవరన్నా వదిలిపెట్టకు.

5. ఇంటి వెనకగది డ్రైవరుకి రాసి, కొట్టేశాను. కొట్టివేత నాదే. సాక్షి సంతకం పెట్టేవాళ్లకి ఆస్తి రాయకూడదని ప్లీడరు చెప్పారు. గదిచ్చి నోరు నొక్కినట్టవుతుందని నాకే అనిపించింది. నేను పోయాక ఎవరో చెబితే ఆయన తెలుసుకోవడం కాదు, నేను బతికుండగా నా ముందే చదవాలి. అందుకని సాక్షిగా పిలిపించాను. సాక్షులు వీలునామా చదవనక్కర్లేదట. ఆయన్ని మాత్రం మొదటినుంచీ చివరిదాకా చదవమన్నాను. సంతకం పెట్టడం, పెట్టకపోవడం ఆయనిష్టం. ఆయన చదువుతున్నంతసేపూ నేను ఈ కుర్చీలోంచి లేవను.

తేదీ: మార్చి పద్నాలుగు, ఉదయం పది దాటాక.

(సంతకం) డాక్టరమ్మ

సాక్షులు:

1. ఎదురింటి దర్జీ. డాక్టరమ్మ నా కళ్లముందే సంతకం పెట్టారు.

2. అంబులెన్సు డ్రైవరు. మొత్తం చదివాను. మీ తమ్ముణ్ణి గంటలోపే తీసుకొచ్చాను. దారిపొడుగునా, అక్కడ మా అక్క ఉంది, నాకేం కాదు అంటూనే ఉన్నాడు.