నిండుగా ఉన్న నూనె డబ్బా

కరీంనగర్, 1981 మే, మంగళవారం రాత్రి

తమ్ముడు ఇంకా రాలేదు. నేను దుబాయి నుంచి తెచ్చిన మూడు సిలిండర్ల మోటార్ సైకిల్ మీద మధ్యాహ్నం భైంసా పోయాడట.

ఇంజనుకు నూనె పంపే పంపు పాడైతే పొద్దున మెకానిక్ ఖాజా దాన్ని తీసేశాడు. "అన్నా, ఇగ బండికున్న గీ డబ్బల నూనె ఇంజన్‌కు పోదు. స్కూటర్ లెక్క పెట్రోల్లనే కలపాలె. లేకుంటె ఉరుకుతుంటనే ఇంజన్ పట్టేసి చక్రం ఆగిపోతది," అన్నాడు. తమ్ముడికి చెప్పాలనుకుంటూనే మధ్యాహ్నం నిద్రపోయాను.

ఖాజా కలిపి పోసిన పెట్రోలు దారిలో జగిత్యాల దాకా వస్తే గొప్ప. ఆ తర్వాత వాడు పోయించేది ఉత్త పెట్రోలే. పైగా వాడికి మెల్లగా నడపడం రాదు, ఈ బండికి మెల్లగా పోవడం రాదు.

అవ్వకు మాత్రం ఏ ఫికరూ లేదు.

"ఊకె పరేషాన్ గాకు బిడ్డా. నూనె డబ్బ మూత తీసి, నిండుగున్నదని సూసుకునే పోయిండు."