మే నెలాఖరు దాకా పారేయొద్దు

ఆకులన్నీ రాల్చి కట్టెలా నిలబడ్డ తీగ నిద్రపోతోందో, పోయిందో బయటినుంచి చూసి ఎలా చెప్పడం? పదిహేనేళ్ళుగా ప్రతి చలికాలమూ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది.

మందా సుగుణకుమారి అనే నేను, నలభై ఆరేళ్ళ వయసులో, ఇంగ్లండ్‌లో, స్టీవెనేజ్‌లోని మా ఇంట్లో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేమీ లేవు. వచ్చే మంగళవారం నా గుండె కవాటం మారుస్తారు. భయపడుతూ రాసింది చెల్లుతుందా అని సొలిసిటర్‌ని అడిగాను. మతి ఉంటే చాలు, ధైర్యం అక్కర్లేదన్నారు.

1. దీని అమలు బాధ్యత నాటింగ్‌హామ్‌లో ఉన్న మా అన్నయ్య థామస్‌ది.

2. ఇంట్లో నా వాటా, బ్యాంకులో నా పేర ఉన్నదంతా నా భర్త రత్నకుమార్‌కు చెందాలి. కాగితంపూల తీగ మాత్రం ఆయనకు చెందదు. ఆయన నర్సు. వార్డులో రోగులకు నీళ్ళు కొలిచి ఇచ్చే మనిషే, ఇంటికొచ్చాక పాపం దాహమేస్తుందంటూ జనవరిలో కుండీ నింపేస్తారు. చలికి నిద్రపోయే వేరు ఆ తడికి కుళ్ళిపోతుంది. ప్రేమతోనే చేస్తారు. అందుకే నాకు భయం.

3. నా గాజులు, పుస్తకాలు, ఆ తీగ మా అమ్మాయి ఏంజెలినాకు. తల్లీ, నీకు తెలుగు చదవడం రాదు, మామయ్య చదివి చెబుతాడు. మంచు కురవకముందే తీగను లోపలికి తెచ్చి, అద్దాల పోర్చ్‌లో వెలుతురు పడేచోట పెట్టు. మట్టి బాగా ఎండాకే కాసిని నీళ్ళు. ముళ్ళుంటాయి, గ్లవ్స్ వేసుకో. ప్రాణముందో లేదో తెలియాలంటే గోటితో బెరడు కొంచెం గీకి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ఉన్నట్టే. ఈ ఏడు నేను గీకలేదు. పచ్చదనం కనబడకపోతే మంగళవారం దాకా ఎలా ఉండగలను?

4. మా ఆడపడుచు హెప్సికి నా ఉన్ని శాలువా, ఖాళీ మట్టికుండీ ఒకటి. మేము ఇండియా వెళ్ళినప్పుడు, ఇల్లు చూడమంటే, నా మొదటి తీగను ఫిబ్రవరిలో పీకి బిన్‌లో వేసింది. పైగా "చచ్చిన కట్టెకు కాపలా ఏంటి వదినా?" అంది. ఆ కుండీయే ఇది. శాలువా మాత్రం నిజంగా ప్రేమతోనే ఇస్తున్నాను.

5. జరగరానిది జరిగితే, చర్చి సంఘంలో నన్ను 'ప్రభువునందు నిద్రించారు' అని ప్రకటించవద్దు. మత్తు డాక్టరమ్మ కూడా, భయమెందుకు, నిద్రపోతారంతే అంది. మా చర్చిలో ఆ మాటకు అర్థం వేరని ఆమెకు తెలియదు. అప్పటినుంచి కళ్ళు మూయాలంటే వణుకు. పోయిందనే చెప్పండి.

6. తీగ ఎంత మోడుగా కనబడ్డా మే నెలాఖరు దాకా ఎవరూ పారేయకూడదు. నాకు మెలకువ రాకపోతే మెషీన్ మీద ఎన్నాళ్ళు ఉంచమంటావని మొన్న మా ఆయన తల వంచుకుని అడిగారు. అది వీలునామాలో రాసేది కాదట, దానికి వేరే కాగితం ఉందట. తీగకైతే గడువు పెట్టగలిగాను. నా కోసం ఎన్నాళ్ళు ఆగమని చెప్పాలో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

స్టీవెనేజ్, 2026 జనవరి 17
(సంతకం) మందా సుగుణకుమారి

మా ఇద్దరి కళ్ళెదుటే ఆమె సంతకం చేశారు:
కళావతి, పక్కిల్లు
నిశాంత్, ఎదురు ఫ్లాట్