మన రేవు నీళ్ళలో దొరికిన బాక్టీరియా

స్ఫాక్స్, మంగళవారం

అమ్మా, ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను, దిగులు పడకు.

మన ఆల్చిప్పలకు విషం పట్టిస్తున్న ఎర్ర నాచును ఇక్కడి ప్రయోగశాలలో సీసాల్లో పెంచుతున్నాను కదా. ఒకదానిలో నువ్వు పంపిన రేవు నీళ్ళు కలిపాను. పోయిన వారం చూస్తే ఆ సీసాలో ఎరుపంతా పోయి నీళ్ళు తేటగా ఉన్నాయి. చేతులారా పాడుచేశానని ఏడ్చాను. మా పెద్ద మేడం నెఫీసా సూక్ష్మదర్శినిలో చూసి, "ఏడుస్తావేమే పిచ్చిదానా! మీ అమ్మ పంపిన నీళ్ళలో బాక్టీరియా వచ్చిందే. నాచును అంటుకునే బతుకుతూ నాచునే చంపేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!" అంటూ నన్ను వాటేసుకుంది. ఆ బాక్టీరియాను మళ్ళీ మూడు నాచు సీసాల్లో వేశాం. నిన్నటికి మూడూ తేటపడ్డాయి!

ఇది సముద్రంలో పనిచేస్తుందో లేదో తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఆల్చిప్పలు ఏరకూడదన్న సర్కారు నిషేధం ఎత్తేదాకా నువ్వూ పిన్నీ దొంగచాటుగా ఏరి తినకండి, నా మీద ఒట్టు. మేక ఈనిందా? బస్సులో హరీసా కారం, ఇంకో రెండు సీసాల రేవు నీళ్ళు పంపు.

మేడం ఆ బాక్టీరియా సీసా మీద "మన్నూబియా" అని నీ పేరే రాసింది. ఎవరామె అని అందరూ అడుగుతుంటే, మా అమ్మ అని పొద్దుటి నుంచి చెబుతూనే ఉన్నాను.

నాయనమ్మ చేతులకు ముద్దులు. దేవుడు నీ నడుముకు బలమివ్వాలి.

నీ జాజియా